“ఇవన్నీ చదివితే ఏమొస్తుంది?” – మీ ఇంట్లో అడిగితే ఏం చెబుతారు?

చెరువుగట్టు (ఇందుకూరుపేట) – ఆదివారం, రాత్రి 11:48

మాకు రొయ్యల చెరువులు ఉన్నాయి. వనామి రకం. పగలు మేత, రాత్రి కాపలా. తెలియనివాళ్ల కోసం ఒక్క మాట చెబుతాను. ఈ పనిలో అసలు భయం తెల్లవారుజామున. రాత్రంతా నీళ్లలోని నాచు కూడా ఆక్సిజన్‌నే పీల్చుకుంటుంది కాబట్టి కోడికూత వేళకు నీటిలో అది బాగా పడిపోతుంది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయి, జనరేటర్ వెంటనే అందుకోలేదంటే రొయ్య పైకి తేలుతుంది. ఇక ఆ పంట మీద ఆశ వదులుకోవలసిందే. అందుకని నీళ్లలోకి గాలి కొట్టే ఏరేటర్ల చప్పుడు వింటూ మేలుకుని ఉంటాను. చప్పుడులో తేడా వస్తే లేచి పరుగెత్తాలి. షెడ్డులో ఒక మంచం, ఒక బల్బు, మేత బస్తాల మీద నా పుస్తకాలు.

మొన్న మా బావమరిది లెక్కలు చూడటానికి వచ్చాడు. మేత ఖర్చు, డీజిల్ ఖర్చు, ఈ వారం కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలన్న లెక్క) ధర అన్నీ రాసుకున్నాక బస్తాల వైపు చూసి, “బావా, ఇవన్నీ చదివితే ఏమొస్తుంది?” అన్నాడు. వెటకారం కాదు. డీజిల్ గురించి అడిగినంత మామూలుగా అడిగాడు. “నిద్ర రాకుండా ఉంటుంది” అన్నాను. “దానికి ఫోను ఉంది కదా” అన్నాడు. అదీ నిజమే.

ఇక్కడ చదివేవాళ్లు, పాడేవాళ్లు, నాటకాలు వేసేవాళ్లు ఉన్నారని తెలుసు. పనీపాటా చేసుకుంటూనే ఇవన్నీ చేస్తున్నారు. మీ ఇంట్లో అడిగితే ఏం చెబుతారు? సభల్లో చెప్పే మాటలు మాత్రం వద్దు. “సాహిత్యం మనిషిని సంస్కరిస్తుంది” అని మా బావమరిదితో అన్నానంటే ముందు నన్ను ఎగాదిగా చూస్తాడు.

మూలాపేట కుర్రాడు (నెల్లూరు) – సోమవారం, ఉదయం 7:15

మా నాన్నగారు రోజూ అడుగుతారు అన్నా. దీనికి మార్కులు ఉన్నాయా అని. పెద్దవాళ్లు ఏం చెబుతారో వినడానికి కూర్చున్నాను.

విశ్రాంత పండితుడు (నెల్లూరు) – సోమవారం, ఉదయం 10:30

ఈ ప్రశ్న పెన్న ఒడ్డున పుట్టడం బాగుంది. ఎందుకంటే దీనికి జవాబు చెప్పగల మనిషి ఏడు వందల ఏళ్ల కిందటే ఈ ఊళ్లో ఉన్నాడు.

తిక్కన సోమయాజి తీరిగ్గా కూర్చుని కవిత్వం రాసుకున్న మనిషి కాదు. నెల్లూరు ఏలిన మనుమసిద్ధి కొలువులో మంత్రి. రాజ్యం చేజారినప్పుడు ఓరుగల్లు వెళ్లి, కాకతీయ గణపతిదేవుణ్ని ఒప్పించి సాయం తెచ్చాడని మన సంప్రదాయం చెబుతుంది. అంత రాచకార్యం నెత్తిన ఉన్న మనిషి విరాటపర్వం మొదలుకొని 15 పర్వాలు తెలుగు చేశాడు. నన్నడిగితే మంత్రి పని చేశాడు కాబట్టే ఆ సంభాషణలు అలా పండాయి. ఎదుటివాడు ఏది దాచుకుని ఏది పైకి మాట్లాడుతున్నాడో కొలువులో రోజూ విన్న చెవి అది. ఉద్యోగపర్వం రాయబారాలు చదవండి. ధర్మరాజు అయిదూళ్లయినా చాలంటాడు. ఆ మాటలో వినయం ఎంత ఉందో, ఎదుటివాణ్ని ఇరుకున పెట్టే నేర్పు అంత ఉంది. రాజకీయం తెలియని కవికి ఆ నేర్పు పట్టుబడదు. కాబట్టి చెరువుగట్టు గారూ, “ఏమొస్తుంది” అన్న ప్రశ్నను తిరగేసి చూడండి. మీరు చేసే పని నుంచి మీ చదువుకు ఏమొచ్చింది? ఆక్సిజన్ కోసం చెవులు రిక్కించి కూర్చునే మనిషి చదివే తీరు, నాలాగా ఫ్యాను కింద కూర్చుని చదివే తీరు ఒకటి కావు.

ఇక ఉపయోగం మాటకొస్తే, నాకు తెలిసిన గట్టి ఉపయోగం ఒకటుంది. బడిలో “సింగంబాకటితో” పద్యం చెప్పేవాణ్ని. ఉత్తర గోగ్రహణంలో యుద్ధానికి వస్తున్న అర్జునుణ్ని చూసి కౌరవుల వైపు నుంచి అనే మాట. ఆకలితో గుహలో పడి ఉన్న సింహం ఏనుగుల మందను చూసి కోపంతో లేచి వచ్చినట్టు వస్తున్నాడని. నా దగ్గర చదువుకున్న ఒకడు ఇప్పుడు స్టోన్‌హౌస్‌పేటలో బియ్యం కొట్లో గుమాస్తా. ఒకసారి బియ్యానికి వెళితే నన్ను కూర్చోబెట్టి మాట్లాడుతున్నాడు. ఇంతలో బయట మూటలు మోసే కుర్రాడు “సింగంబాకటితో...” అని రాగం తీశాడు. అంతే, కొట్లో అందరూ లేచి ఎవరి పద్దు వాళ్లు తెరిచారు. యజమాని స్కూటరు దిగుతున్నాడు! మూటలు మోసే కుర్రాడు బడికి వెళ్లినవాడు కాడు. గుమాస్తా నేర్పాడట, ఆ మొదటి మాట వరకే. శార్దూల వృత్తంలోని ఆ పద్యం మండీలో ఇలా బతుకుతోందని తెలిస్తే తిక్కన నవ్వేవాడే అనుకుంటాను.

చీమకుర్తి లెక్కలు – సోమవారం, మధ్యాహ్నం 1:20

పండితుడు గారికి నమస్కారం. మండీ కథ బాగుంది. కానీ దానివల్ల ఆ కుర్రాడి కూలి పెరిగిందా?

నేను గ్రానైట్ ఎగుమతి ఆఫీసులో లెక్కలు చూస్తాను. మా దగ్గర భూమిలోంచి తీసే నల్లరాయి, లోపల చుక్కలు మెరుస్తాయి కాబట్టి గెలాక్సీ అంటారు, అది ఎన్నెన్ని దేశాల హోటళ్లలో నేలగా పరిచి ఉందో. ఆ హోటల్లో నిలబడి “ఎంత అందం” అనేవాళ్లకూ, ఇక్కడ దుమ్ములో నిలబడి ఆ రాయి కోసేవాడికీ ఎక్కడా సంబంధం లేదు. అందం అనే మాట వినగానే నేను ముందు బిల్లు అడుగుతాను. అది నా జబ్బు అనుకోండి.

నేను చదవనివాణ్ని కాను. మీ అందరికంటే ఎక్కువే చదివి ఉంటాను, నవ్వకండి. చదువు మనిషిని మంచివాణ్ని చేస్తుందన్నది మాత్రం నమ్మను. నాకు తెలిసిన గొప్ప పాఠకుల్లో ఒకాయన ఉన్నాడు. కూలీల వేదన మీద సభలో మాట్లాడితే ముందు వరుస కళ్లు తుడుచుకుంటుంది. కిందటి సంక్రాంతికి ఇవ్వాల్సిన కూలి ఆయన ఇంకా ఇవ్వలేదు.

బావమరిదికి నా జవాబు: ఏమీ రాదు. పొద్దున లేచింది మొదలు చేసే ప్రతి పనికీ ఏదో ఒకటి వస్తూనే ఉంది కదా. ఏమీ రానిది ఒకటైనా మిగలనివ్వండి.

రాత్రి డ్యూటీ (ఒంగోలు) – సోమవారం, మధ్యాహ్నం 3:05

నేను నర్సును. వార్డులో పుస్తకం పట్టుకుంటే ఊరుకోరు, పట్టుకోకూడదు కూడా. నా చదువంతా బస్సులోనే. ఒంగోలులో ఎక్కితే టంగుటూరు దాటేదాకా సీటు దొరకదు. నిలబడి చదవడానికి పుస్తకం సన్నగా ఉండాలి. నాకు నచ్చిన పుస్తకాలన్నీ సన్నవే, కారణం ఇంతకంటే గొప్పదేమీ లేదు.

భానుమతి గారు మా ఒంగోలు దగ్గర దొడ్డవరంలో పుట్టారు. అందరికీ ఆమె నటి, గాయని. 1953లో ‘చండీరాణి’ని మూడు భాషల్లో తానే దర్శకత్వం చేసి తీసిన మనిషి. ఇటు స్టూడియో, అటు పాటలు, షూటింగులు. ఇన్ని పెట్టుకుని కలం పట్టుకుంటే ఆమె రాసింది దేని గురించి? ఇంట్లో అత్తగారి గురించి. ‘అత్తగారి కథలు’ నేను బస్సులో చదువుతూ నవ్వితే పక్కన కూర్చున్న పెద్దావిడ “ఏముందమ్మా అందులో” అని అడిగింది. కొంచెం చదివి వినిపించాను. సింగరాయకొండలో దిగిపోతూ “మా అత్త ఇంతకన్నా ఘనురాలు” అని చెప్పి వెళ్లింది. చెప్పడానికి ఆవిడ దగ్గర ఎంత సరుకు ఉందో ఏమో, బస్సు ఆగలేదు.

గుంటమగ్గం (వెంకటగిరి) – సోమవారం, రాత్రి 9:40

చీమకుర్తి సార్, ఏమీ రాకపోయినా పరవాలేదు అనడం నెలజీతం వచ్చే మీకు చెల్లుతుంది. నాకు కళ అంటే కూలి.

నేను జమ్దానీ నేస్తాను. చాలామందికి చీర తెలుసు, పని తెలియదు, అందుకని కాస్త వివరంగా రాస్తాను. గుంట మగ్గం అంటే నేలలో తవ్విన గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చోవాలి. తొక్కుడు చెక్కలు అడుగున ఉంటాయి. వానాకాలంలో గుంటలో చెమ్మ ఊరి మోకాళ్లు పట్టేస్తాయి. నూలు నూరో నంబరు, గట్టిగా ఊపిరి తగిలినా కదిలేంత సన్నం. చీర ఒంటి భాగం నేయడం తేలిక. నూలు కండె ఉండే నాడె ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు, దువ్వెనలాంటి అచ్చుతో గుద్దడం, అంతే. బుటా, అంటే చీర మీది బొమ్మ, మొదలైతే కథ మారుతుంది. ఒక పేక (అడ్డం) పోగు వేశాక ఆగాలి. బుటా ఉన్న ప్రతిచోటా పడుగు (నిలువు) పోగులు లెక్కపెట్టి, వేలెడు కండెతో రంగు దారం విడిగా చేత్తో ఎక్కించాలి. అడ్డంగా ఎన్ని బుటాలు ఉంటే అన్ని కండెలు వేలాడుతుంటాయి. అన్నీ అయ్యాక మళ్లీ ఒక్క పేక. మళ్లీ ఆగాలి. దారాన్ని బుటా దాటి పోనివ్వం కాబట్టి వెనక పోగులు తేలవు, చీర తిరగేసినా బొమ్మ అలాగే ఉంటుంది. కొంగులో నెమలి ఉందనుకోండి. కాళ్లు వస్తాయి, ఒళ్లు వస్తుంది, పింఛం కూడా వస్తుంది. మెడ వంపు దగ్గర ఒక్క పోగు అటూ ఇటూ అయితే నెమలి కాస్తా కోడి అవుతుంది. విప్పితే పూట కూలి పోతుంది. విప్పకపోతే కొనేవాళ్లు కనిపెట్టరు, కానీ నాకు కనిపిస్తూనే ఉంటుంది.

సంస్థానం రోజుల్లో రాజులు దగ్గరుండి నేయించుకున్నారని మా పెద్దవాళ్లు గొప్పగా చెప్పుకునేవారు. ఇప్పుడు మిల్లులో అచ్చేసిన చీరకు మా ఊరి పేరు పెట్టి అమ్ముతున్నారు. షాపులో రెండూ పక్కపక్కన పెట్టి, “ఇది కూడా ఇలాగే ఉంది కదా, దీనికి అంత ధర ఎందుకు” అని అడుగుతారు. ముందు “కళాఖండం” అని ఫొటో తీసుకున్నవాళ్లే అడుగుతారు.

ఇక అడిగిన దానికి జవాబు. నేను చదవను, వింటాను. ఫోనులో కథలు చదివి వినిపించేవాళ్లు ఉన్నారు. ఒంటి భాగం నేసేటప్పుడు వింటాను. బుటా మొదలుకాగానే ఆపేస్తాను, లేకపోతే లెక్క తప్పుతుంది. అందుకని నా కథలన్నీ మధ్యలో ఆగుతుంటాయి. ఇప్పుడు విన్న కథలో పెళ్లికూతురు రైలెక్కింది. కొంగు నేయడం అయ్యేదాకా ఆమె రైల్లోనే ఉంటుంది. రైల్లో ఏం చేస్తోందో అని నేనే ఏదో ఒకటి అల్లుకుంటూ ఉంటాను. తర్వాత విన్నప్పుడు చాలాసార్లు నేను అల్లుకున్నదే బాగుంటుంది. ఏమొస్తుందంటే, ఆ పూట నడుము నొప్పి మీదికి ధ్యాస పోదు.

సూళ్లూరుపేట ప్యాసింజర్ – సోమవారం, రాత్రి 10:25

గుంటమగ్గం గారూ, ఆ పెళ్లికూతురు సంగతి చెప్పకుండా వెళ్లకండి.

నాది చిన్న సర్కారు ఉద్యోగం. మా సూళ్లూరుపేట దగ్గర మంగళంపాడు ఆచార్య ఆత్రేయ గారి ఊరు. పాటలే అందరికీ తెలుసు. సినిమాకు ముందు ఆయన నాటకాల మనిషి. ‘ఎన్‌.జి.ఓ.’ అని చిరుద్యోగి కష్టాల మీద ఒక నాటకం ఉంది. మా ఉద్యోగుల వార్షికోత్సవంలో అది వేశాం. గుమాస్తా వేషం నాది. దుస్తుల ఖర్చు లేదు, ఆఫీసుకు వేసుకెళ్లే చొక్కాతోనే స్టేజి ఎక్కాను. చప్పట్లు బాగానే పడ్డాయి. ఇంటికొచ్చాక మా ఆవిడను ఎలా ఉందని అడిగితే, “రోజూ చేసేదే కదా, ఈ రోజు మైకు పెట్టారు” అంది. ఇప్పటిదాకా నాకు దొరికిన విమర్శల్లో అదే గట్టిది.

గిన్నెలు గరిటెలు (కావలి) – మంగళవారం, ఉదయం 11:10

పొద్దున్నుంచి పని మధ్యలో ఇదంతా చదువుతున్నాను. చదివితే ఏమొస్తుంది అని ఇంతమంది మాట్లాడారు. చదివే వేళ ఎక్కణ్నుంచి వస్తుంది అని ఒంగోలు చెల్లెలు తప్ప ఎవరూ అనలేదు.

మా మామగారు ఇక్కడి జవహర్ భారతి కాలేజీలో చదువుకున్నారు. గురజాడ మీద ‘మహోదయం’ రాసిన కె.వి. రమణారెడ్డి గారు అక్కడ పాఠాలు చెప్పిన రోజులు. ఆ మాట ఎత్తితే మామగారికి ఇప్పటికీ గొంతు మారుతుంది. ఆయన వరండాలో పడక కుర్చీలో కూర్చుని చదువుతారు. కాఫీ అక్కడికే వెళ్తుంది. ఆ కాఫీ నడిచి వెళ్లదు కదా. నేను ఆయనను తప్పుపట్టడం లేదు, మంచి మనిషి, చదివిన ప్రతిదీ నాకు చెబుతారు. కానీ చెబుతున్నప్పుడు నేను నిలబడే ఉంటాను.

నా పద్ధతి చెబుతాను. చేపల పులుసు పెట్టిన రోజు నాకు చదువు ఎక్కువ. చింతపండు పులుసు తెర్లాక ముక్కలు వేస్తే ఇక గరిటె పెట్టకూడదు, ముక్క చిదిరిపోతుంది. గుడ్డతో గిన్నె అంచులు పట్టుకుని అప్పుడప్పుడు తిప్పాలి. మామిడికాయ ముక్కలు వేసి మంట తగ్గించాక మరీ తీరిక. పులుసు దగ్గర పడేలోపు ఒక చిన్న కథ అయిపోతుంది. మరుసటి రోజుకు పులుసు ఇంకా రుచి కాబట్టి ఆ రోజు కూర పని కూడా ఉండదు, అంటే ఇంకో కథ. నెల్లూరు వాళ్లు పులుసు మరునాడు తినాలని ఎందుకన్నారో మగవాళ్లు రుచి గురించే చెబుతారు.

చీమకుర్తి గారు అందానికి బిల్లు అడుగుతానన్నారు. నా దగ్గర ఉదయగిరి చెక్క గరిటె ఉంది. పిడి మీద సన్నని చెక్కుడు పని. అక్కడ ఆడవాళ్లు ఇంటి పని మధ్యలోనే కూర్చుని అవి చెక్కుతారు, నునుపు చేస్తారు. కొన్నప్పుడు షోకేసులో పెట్టమన్నారు మావారు. అన్నం వడ్డించడానికే వాడుతున్నాను. చేసినావిడ పని మధ్యలో చేసింది, నేను పని మధ్యలో వాడుతున్నాను, షోకేసు ఎందుకు?

చీమకుర్తి లెక్కలు – మంగళవారం, మధ్యాహ్నం 12:02

అమ్మా, మీ కాఫీ మాటకు నా దగ్గర బదులు లేదు.

గుంటమగ్గం గారిని ఒకటి అడగాలి. మీరు నేసినదాన్ని కళ అనమంటారా, పని అనమంటారా? వాదనకు కాదు, నిజంగా తెలుసుకోవాలని.

గుంటమగ్గం (వెంకటగిరి) – మంగళవారం, రాత్రి 9:15

కళ అంటే ధర పెంచండి, పని అంటే కూలి పెంచండి. ఏదన్నా నాకు ఇబ్బంది లేదు సార్.

పెళ్లికూతురు ఇంకా రైల్లోనే ఉంది.

కొమ్ముకథ (కనిగిరి) – మంగళవారం, రాత్రి 11:30

మాష్టారూ, తిక్కన గారి గురించి చెప్పారు. ఆ కుటుంబంలోనే ఇంకో తిక్కన ఉన్నాడు, కత్తి పట్టినవాడు. ఆయనకు ఎదురు నిలబడినవాళ్ల తరఫున నేను వచ్చాను.

మాది గొర్రెలు, ఆవులు మేపుకున్న కుటుంబం. మా తాతకు చదువు రాదు. కానీ కాటమరాజు కథ మొత్తం తెలుసు. కొమ్ములవాళ్లు ఊళ్లోకి వచ్చి కొమ్ము ఊది కథ చెబితే తెల్లవార్లూ వినేవాడు. కథ ఏమిటంటే, కరువు వచ్చి కాటమరాజు మందలు మేత కోసం నెల్లూరు సీమ బీళ్లకు తరలివచ్చాయి. అక్కడ ఏలిక నల్లసిద్ధి. మేపుకున్నందుకు పుల్లరి కట్టాలి, పుల్లరి కింద కోడెదూడలు ఇవ్వాలని ఒడంబడిక. తర్వాత మాటా మాటా పెరిగింది, ఒడంబడిక చెడింది, పుల్లరి కట్టేది లేదన్నారు కాటమరాజు వాళ్లు. యుద్ధం దాకా పోయింది. నెల్లూరు వైపు సేనకు నాయకుడు ఖడ్గతిక్కన.

మీ వైపు ఈ కథ ఇంకోలా చెబుతారని నాకు కాలేజీకి వచ్చాక తెలిసింది. ఓడి ఇంటికొచ్చిన ఖడ్గతిక్కనకు భార్య స్నానానికి మంచం అడ్డు పెట్టి, పసుపు ముద్ద పెట్టిందని, ఆ అవమానం పడలేక మళ్లీ వెళ్లి పోరాడి చనిపోయాడని. పౌరుషం కథ. మా తాత చెప్పినదాంట్లో ఆ మంచం, పసుపు లేవు. ఆవులు ఉన్నాయి, ఏ ఆవు పేరేమిటో కూడా ఉంది. ఎండిన చెరువులు ఉన్నాయి. ఒకే యుద్ధం, కానీ ఒకచోట ఇంటి పరువు గురించి, ఇంకోచోట గడ్డి గురించి.

ఏమొచ్చింది అంటే చెబుతాను. మా తాత ఎండాకాలం మందను తోలుకుని దూరం వెళ్లేవాడు. ఎవరి పొలంలో మంద కట్టాలన్నా ముందు నలుగురిని పిలిచి వాళ్ల ఎదుట మాట్లాడుకునేవాడు. ఎన్ని రాత్రులు, ఎరువు ఎవరిది, ఈనిన పిల్ల ఎవరిది, కుక్క కరిస్తే ఏమిటి, అన్నీ. మా నాన్న విసుక్కుంటే, “కాటమరాజు అంతటివాడు మాట సరిగ్గా తేల్చుకోక పోయాడురా” అనేవాడు. అందరూ వీరగాథ అనుకునేది మా తాతకు కౌలు పత్రం. నేను ఇప్పుడు హైదరాబాదులో ఒప్పంద పత్రాలు చదివే ఉద్యోగమే చేస్తున్నాను, మా వంశంలో ఇది కొత్త పనేమీ కాదు.

విశ్రాంత పండితుడు (నెల్లూరు) – బుధవారం, ఉదయం 9:00

నాయనా, ఈ నెలలో నేను చదివిన వాటిలో ఇదే మంచిది. పాఠ్యపుస్తకాల్లో ఎప్పుడూ మంచం, పసుపే ఉంటాయి. ఆవుల పేర్లు గుర్తుంటే ఇక్కడ రాయి. నువ్వు రాయకపోతే ఇంకెవరు రాస్తారు?

కొమ్ముకథ (కనిగిరి) – బుధవారం, ఉదయం 9:20

మా మేనత్తను అడిగి రాస్తాను మాష్టారూ. తాత దగ్గర కూర్చుని విన్నది ఆవిడే.

వేటపాలెం పాతకాపు – బుధవారం, మధ్యాహ్నం 2:45

2022లో జిల్లాలు విడదీసినప్పుడు మా వేటపాలెం బాపట్లకు పోయింది, గుంటమగ్గం గారి వెంకటగిరి, ప్యాసింజర్ గారి సూళ్లూరుపేట తిరుపతికి పోయాయి. ఆ లెక్కన ఈ నెల్లూరు, ప్రకాశం వాళ్ల మధ్య చాలామందిమి పరాయివాళ్లమే. అయినా కూర్చోనివ్వండి.

మా ఊళ్లో సారస్వత నికేతనం ఉంది. 1918లో పుట్టిన గ్రంథాలయం. 1929లో గాంధీజీ వచ్చారు. ఆయన చేతికర్ర ఇప్పటికీ అక్కడ ఉంది. బయటివాళ్లు వస్తే ముందు దాన్నే చూపిస్తారు. నాకు చిన్నప్పుడు దానికన్నా పాత పత్రికల మీద మనసు. పరిశోధన చేసేవాళ్లు ఎక్కడెక్కడి నుంచో వాటి కోసమే వస్తారు. పుట తిప్పితే అంచు రాలుతుందని పక్కన ఎవరో ఒకరు కాపలా. పెద్దవాళ్లు సంపాదకీయాలు రాసుకుంటుంటే నేను ప్రకటనలు చదివేవాణ్ని. తలనూనెలు, గడియారాలు, బలానికి మందులు. స్వాతంత్ర్యం ఎలా వచ్చిందో నాకు అంత బాగా తెలియదు కానీ, ఆ రోజుల్లో జనం ఏ రోగాలకు భయపడేవారో బాగా తెలుసు.

మాదీ మగ్గాల ఊరే. మా నాయనమ్మ చెప్పేది, సాయంత్రం మగ్గం దిగి వచ్చిన వాళ్లలో చదువు వచ్చినవాడు ఒకడు పత్రిక పైకి చదువుతుంటే మిగిలినవాళ్లు వినేవారట. చదివేవాడికి బీడీ ఖర్చు వినేవాళ్లది. గుంటమగ్గం గారు ఫోనులో వింటున్నారంటే నాకు అదే గుర్తొచ్చింది. బీడీ ఖర్చు మిగిలింది.

చెరువుగట్టు (ఇందుకూరుపేట) – గురువారం, సాయంత్రం 6:30

చెరువులో రొయ్యల పట్టుబడి ఉండి రెండు రోజులుగా ఇటు రాలేకపోయాను. ధర ఆశించినంత లేదు, నష్టమూ లేదు.

ఐసు పెట్టెలు ఎక్కిస్తుంటే బావమరిదికి మండీ కథ, కాటమరాజు కథ చెప్పాను. సింగం కథకు నవ్వాడు. కాటమరాజు దగ్గర మాత్రం పని ఆపి విన్నాడు. కోడెదూడలు ఇవ్వాలన్న ఒడంబడికలో దూడ చచ్చిపోతే ఎవరికి నష్టం అని ఉందా అని అడిగాడు. మేతకు అప్పిచ్చే డీలరుతో మాకు ఇదే గొడవ నడుస్తోంది. పంట పోతే బాకీ ఎవరిది అనేది కాగితం మీద లేదు. కొమ్ముకథ గారూ, మేనత్త గారిని ఆ సంగతి కూడా అడగండి.

గిన్నెలు గరిటెలు అక్కయ్య గారూ, మీరు రాసింది మా ఆవిడకు చదివి వినిపించాను. “నువ్వు షెడ్డులో చదువుతున్నప్పుడు ఇక్కడ పిల్లలను ఎవరు పడుకోబెడుతున్నారు” అంది. పట్టుబడి అయ్యాక చెరువు ఎండగట్టే రోజులు కదా, రాత్రి కాపలా ఉండదు. పుస్తకాలు కొన్ని ఇంటికి తెచ్చాను. ఆమె పైనుంచి ఒకటి తీసుకుంది. పిల్లలను నేను పడుకోబెట్టాలట.

చీమకుర్తి గారి మాట మీద మాత్రం నాకు ఇంకా పేచీ ఉంది. ఏమీ రానిది ఒకటి మిగలాలి అన్నారు. రాత్రి మూడింటికి ఏరేటరు పక్కన చదివినదానికీ, ఇంట్లో చదివినదానికీ నాకు తేడా తెలుస్తోంది. షెడ్డులో సగం చెవి బయట ఉంటుంది. అలా చదివిన కథలే ఎక్కువ గుర్తున్నాయి. ఎందుకో తెలియదు. మాష్టారు చెప్పిన తిరగేసిన ప్రశ్న ఇదేనేమో.

చీమకుర్తి లెక్కలు – గురువారం, రాత్రి 8:10

పేచీ పెట్టుకోండి, నాకు అభ్యంతరం లేదు. డీలరుతో మాత్రం కాగితం రాయించుకోండి. నమూనా కావాలంటే నేను పంపిస్తాను.

మూలాపేట కుర్రాడు (నెల్లూరు) – గురువారం, రాత్రి 9:00

మాష్టారూ, విరాటపర్వం చదవాలని ఉంది. ఉత్త పద్యాలు నాకు అర్థం కావు. ఏ పుస్తకం కొనాలి? డబ్బు ఎక్కువ లేదు.

విశ్రాంత పండితుడు (నెల్లూరు) – గురువారం, రాత్రి 9:35

కొనక్కర్లేదు. తిరుమల తిరుపతి దేవస్థానం వాళ్లు కవిత్రయ భారతం మొత్తం ప్రతిపదార్థ తాత్పర్యాలతో అచ్చు వేశారు. వాళ్ల వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతుంది, ఫోనులోకి దించుకో. కీచకుడి ఘట్టంతో మొదలుపెట్టు, మొదటి నుంచి చదవాలని నియమం ఏమీ లేదు. పద్యం ముందు రెండుసార్లు పైకి చదువు, తాత్పర్యం ఆ తర్వాతే చూడు. పరీక్షలు ఎప్పుడు నీకు?

మూలాపేట కుర్రాడు (నెల్లూరు) – గురువారం, రాత్రి 9:41

మార్చిలో మాష్టారూ. నాన్నగారికి చెప్పకండి.

గుంటమగ్గం (వెంకటగిరి) – శుక్రవారం, రాత్రి 10:05

ప్యాసింజర్ గారూ, కొంగు అయిపోయింది, కథ విన్నాను. పెళ్లికూతురు గూడూరులో దిగి, ఎదురు రైలెక్కి పుట్టింటికి వెళ్లిపోయింది. నేను అల్లుకున్నదాంట్లో మద్రాసు దాకా వెళ్లింది.